సాయంత్రం సెంటర్ల వల్ల పిల్లలకు చదువు వచ్చిందా? లెక్క తేల్చేదెలా?

నల్లమల_అమ్మాయి | ఏప్రిల్ 4, రాత్రి 10:12

అందరికీ నమస్తే. నేను నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నాను. 11 ఊళ్లలో సాయంత్రం 5 నుంచి 7 దాకా మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు చదువు చెప్పే సెంటర్లు మావి. చెప్పేవాళ్లు ఆ ఊళ్లలోనే ఇంటరో డిగ్రీయో చదివి ఇంట్లో ఉన్న అమ్మాయిలు. నెలాఖరుకల్లా డబ్బులిచ్చినవాళ్లకు "ఇంపాక్ట్ రిపోర్ట్" పంపాలి, ఆ పని నా నెత్తిన పడింది.

మా దగ్గరున్న లెక్క ఇదీ. జూలైలో 312 మందికి పరీక్ష పెట్టాం. పల్లె పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో ఇళ్లకెళ్లి చూసే అసర్ సర్వేలో చేసినట్టే అక్షరాలు, పదాలు, చిన్న పేరా, చివర్లో రెండో తరగతి స్థాయి కథ. కథ చదివినవాళ్లు 61 మంది. మార్చిలో మళ్లీ పెడితే 204 మందిలో 98 మంది చదివారు. అంటే వందకు 20 నుంచి 48కి వచ్చింది. మా సార్ "అదిరిందమ్మా, రెండింతలు దాటిందని బోల్డుగా రాసేయ్" అంటున్నారు. రాయడానికి నాకెందుకో చెయ్యి రావట్లేదు. ఏదో తేడా ఉందనిపిస్తోంది గానీ అదేంటో చెప్పలేకపోతున్నా. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

మిర్చి_యార్డ్ | ఏప్రిల్ 4, రాత్రి 10:31

చెయ్యి రావట్లేదంటే నువ్వు ఈ రంగానికి పనికిరావు చెల్లీ. రెండింతలు అని రాసి, పిల్లలు నవ్వుతున్న ఫోటో ఒకటి పెట్టి పంపించేయ్. అందరూ చేసేది అదే.

పీహెచ్‌డీ_ఎప్పటికి | ఏప్రిల్ 4, రాత్రి 11:05

మీ అనుమానం కరెక్టే. 312 మంది 204 ఎలా అయ్యారు? మిగతా 108 మంది ఎక్కడికి పోయారు? జూలై లెక్కలో వాళ్లున్నారు, మార్చి లెక్కలో లేరు. పోయినవాళ్లంతా చదువు రానివాళ్లే అనుకోండి, మీరు ఒక్క అక్షరం చెప్పకపోయినా శాతం దానంతటదే పెరుగుతుంది. క్లాసులో ఫెయిలయ్యేవాళ్లకి టీసీ ఇచ్చి పంపేసి నూటికి నూరు పాసయ్యారని ఫ్లెక్సీ కట్టే స్కూళ్లు చూసే ఉంటారు, ఇది కావాలని చేసింది కాకపోయినా లెక్క మాత్రం అదే.

ముందు చేయాల్సింది: మార్చిలో పరీక్ష రాసిన ఆ 204 మందీ జూలైలో ఎలా ఉన్నారో రిజిస్టర్‌లో విడిగా తీయండి. పేర్లు రాసుకున్నారు కదా? రాసుకోకపోతే ఇక దేవుడే దిక్కు.

ఇంకో రెండు ప్రశ్నలు. పరీక్ష పెట్టిందెవరు, ఆ సెంటర్ వాలంటీరేనా? రెండుసార్లూ అదే కథా?

నల్లమల_అమ్మాయి | ఏప్రిల్ 4, రాత్రి 11:20

పేర్లున్నాయి. పరీక్ష పెట్టింది వాలంటీర్లే. కథ కూడా అదే, కాకపోతే జూలై తర్వాత ఆ కాగితం వెనక్కి తీసుకున్నాం.

పీహెచ్‌డీ_ఎప్పటికి | ఏప్రిల్ 4, రాత్రి 11:24

తన పిల్లలకు తానే పరీక్ష పెట్టే అమ్మాయి, పిల్ల ఒక పదం దగ్గర తడబడితే పెదాలు కదపకుండా ఉండగలదా? ఆమె తప్పని కాదు, నేనైనా అందిస్తాను. వచ్చే ఏడాదికి ఒక ఊరి వాలంటీర్‌ను ఇంకో ఊరికి పంపండి, బస్ చార్జీ తప్ప ఖర్చేం లేదు.

లెక్కల_మాస్టారు_రిటైర్డ్ | ఏప్రిల్ 5, ఉదయం 5:48

అమ్మా, 33 ఏళ్లు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేశాను. ఎవరైనా చూస్తున్నప్పుడు పనిచేయడం వేరు, పిల్లాడికి చదువు రావడం వేరు. ఇది నా మాట కాదు, మన దగ్గరే రుజువైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి 5 జిల్లాల పల్లె బడుల్లో పెద్ద ప్రయోగం చేశాయి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ నడిపారు. ఏ బడిలో ఏ మార్పు చేయాలో లాటరీ తీసినట్టు తీశారు, అందులోనే ఉంది కిటుకంతా. ఎమ్మెల్యే చెప్పిన బడి, రోడ్డు పక్క బడి అని ఏరుకోవడం లేదు.

కొన్ని బడుల్లో టీచర్లకు పిల్లల ఫలితాలు విడమరిచి రిపోర్టులు ఇచ్చారు, ఏ పిల్లాడు ఎక్కడ వెనకబడ్డాడో అందులో ఉంటుంది. టీచర్లు చాలా బాగున్నాయన్నారు, చూడటానికి వెళ్లినప్పుడు ఉత్సాహంగా పాఠాలు కూడా చెప్పారు. తీరా పరీక్ష పెడితే ఆ పిల్లలకూ మామూలు బడుల పిల్లలకూ తేడా లేదు. ఇంకొన్ని బడుల్లో పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్ అన్నారు, సగటున ఏడాది జీతంలో 3 శాతం అంతే. రెండేళ్లకు అక్కడి పిల్లలు తెలుగులో, లెక్కల్లో స్పష్టంగా ముందున్నారు, బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా. మా సంఘాల్లో దీనికి ఒప్పుకునేవాళ్లు తక్కువ, నాకే మొదట్లో కోపం వచ్చింది. కానీ పోల్చుకోడానికి మామూలు బడులు కూడా పక్కన ఉండబట్టే ఏది పనిచేసిందో ఏది చేయలేదో తెలిసింది.

నీ దగ్గర లేనిది అదేనమ్మా, సెంటర్ లేని ఊరు. మూడో తరగతి పిల్లాడు జూలై నుంచి మార్చి దాకా బడికి పోతాడు. ఎవరూ ఏమీ చేయకపోయినా కొంత నేర్చుకుంటాడు. 2022 నుంచి మీ తెలంగాణ సర్కారు బడుల్లో తొలిమెట్టు కార్యక్రమం కూడా ఉంది కదా, దాంట్లో టీచర్లు చేయించేది చదవడం, లెక్కలే. మరి ఆ 48లో బడిదెంత, నీదెంత?

సబ్‌సెంటర్_అక్క | ఏప్రిల్ 5, మధ్యాహ్నం 2:15

నేను ఏఎన్‌ఎంని. చదువు సంగతి నాకు తెలీదు గానీ ఈ రిపోర్టుల బాధ మాత్రం బాగా తెలుసు. ఐరన్ మాత్రలు ఎన్ని ఇచ్చామో మా రిజిస్టర్ చూస్తే కళ్లు చెదురుతాయి. గర్భిణులకు ఎర్రవి, హైస్కూల్ ఆడపిల్లలకు వారానికో నీలం రంగుది. ఇచ్చినట్టు టిక్కు పెడతాం. మింగారా లేదా? కడుపులో తిప్పుతోందని, విరేచనం నల్లగా అవుతోందని భయపడి సగం మంది పక్కన పెట్టేస్తారు. ఒకసారి ఒక ఇంట్లో బియ్యం డబ్బా పక్కన నాలుగు నెలల మాత్రలు కనపడ్డాయి, ఆ అమ్మాయి పేరు ఎదురుగా నా రిజిస్టర్‌లో అన్ని నెలలకూ టిక్కులే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత. మాత్రలు పంచిన లెక్కలు, రక్తంలో లెక్కలు రెండూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు లేరు.

కాన్పులది ఇంకో కథ. ఆస్పత్రి కాన్పులు పెరగాలని ఎంత కష్టపడ్డామో. అదే సర్వేలో నాలుగో విడతకు 91.5 ఉన్నది ఐదో విడతకు 97 శాతం అయింది, 2017లో కేసీఆర్ కిట్ వచ్చాక ఆడపిల్ల పుడితే 13 వేలు, మగపిల్లాడైతే 12 వేలు ఇస్తుంటే సర్కారు ఆస్పత్రికి జనం బాగా కదిలారు. సంతోషమే, అందులో నా చెమట కూడా ఉంది. కానీ అదే కాగితంలో ఇంకో గడి చూడండి, సిజేరియన్లు 57.7 నుంచి 60.7కి పోయాయి. దేశంలో మనదే ఫస్టు. ప్రైవేటులోనైతే వందలో ఎనభైకి పైనే. సిజేరియన్లు 10 శాతం దాటాక దానివల్ల తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గుతున్నట్టు జనాభా లెక్కల్లో కనిపించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. ముహూర్తం పెట్టించుకుని వచ్చేవాళ్లను నేనే చూశా. కొలిచింది ఆస్పత్రికి వచ్చారా అని మాత్రమే, లోపల ఏం జరిగిందన్నది తర్వాతెప్పుడో గుర్తొచ్చింది.

అందుకే చెల్లీ, మీరు కథ చదవడం ఒక్కటే కొలిస్తే వాలంటీర్లు అదొక్కటే చెప్తారు. తీసివేతలు, భాగహారాలు పోతాయి.

కోవూరు_కుర్రాడు | ఏప్రిల్ 5, సాయంత్రం 6:02

అక్కా సూపర్. దీనికి తిరగబడి ఉండే కథ మా నెల్లూరులో ఉంది. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం నడిచింది, రాత్రి బడులు. దాన్ని ఎలా కొలుస్తారు? ఎంతమంది సంతకం నేర్చుకున్నారు, ఎంతమంది వాచకం చదువుతున్నారు. ఆ వాచకంలో సారా వల్ల సంసారం ఎలా నాశనమవుతుందో చెప్పే పాఠం ఒకటుంది. దూబగుంటలో ఆడవాళ్లు ఆ పాఠం చదువుకుని మాట్లాడుకుని 1992లో సారా కొట్టు మూయించారు. వాళ్లను ముందుండి నడిపిన రోశమ్మ పేరు విననివాళ్లుండరు. అది జిల్లా అంతా పాకి, రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో పూర్తి మద్య నిషేధం. అక్షరాస్యత కార్యక్రమం రిపోర్టులో దీనికి ఏ గడి ఉంది చెప్పండి? మా నాయనమ్మ ఆ రాత్రి బడికి పోయింది. పెన్నేమో ఇప్పటికీ వంకర టింకరగానే పట్టుకుంటుంది, పరీక్ష పెడితే ఫెయిల్. కొట్టు దగ్గరికి పోయిన గుంపులో మాత్రం ముందుంది.

పీహెచ్‌డీ_ఎప్పటికి | ఏప్రిల్ 5, సాయంత్రం 6:40

కథ బాగుంది, ఒప్పుకుంటా. కానీ ఇలాంటిది ఒక్కటి చూపించి మిగతా వందా కొలవక్కర్లేదు అనేవాళ్లు ఎక్కువైపోయారు. రాత్రి బడులు అన్ని జిల్లాల్లో నడిచాయి, అన్నిచోట్లా సారా కొట్లు మూతపడలేదు.

కోవూరు_కుర్రాడు | ఏప్రిల్ 5, సాయంత్రం 6:44

కొలవద్దని నేనెక్కడన్నాను భయ్యా. మీ ఫారంలో ఒక ఖాళీ గడి ఉంచండి, "ఇంకేమైనా జరిగిందా" అని. అంతే.

మిర్చి_యార్డ్ | ఏప్రిల్ 5, రాత్రి 8:30

నేను వెటకారమే ఆడతానని అనుకోకండి, ఉపాధి హామీ సోషల్ ఆడిట్‌లో కొన్నాళ్లు తిరిగాను. దేశంలో అంత పద్ధతిగా చేసింది మన ఉమ్మడి రాష్ట్రమే, 2006లో మొదలైంది. ఇంటింటికీ పోయి మస్టర్, అంటే కూలీల హాజరు పట్టీ, చదివి వినిపించి, నువ్వు నిజంగా ఇన్ని రోజులు పని చేశావా అని అడగడం, తర్వాత మండలంలో అందరి ముందూ చదవడం. చచ్చిపోయినవాళ్ల పేరు మీద కూలీ పడితే జనం నవ్వేవాళ్లు, తర్వాత తిట్టేవాళ్లు. మంచి పనే. కానీ ఫర్జానా అఫ్రీది, వెగార్డ్ ఐవర్సన్ అని ఇద్దరు ఆ ఆడిట్ కాగితాలు ముందేసుకుని లెక్కేస్తే ఏం తేలిందో తెలుసా? కూలీల డబ్బులో గోల్‌మాల్ కొంచెం తగ్గింది, సామాను బిల్లుల్లో పెరిగింది. కూలీ దొంగతనం ఊళ్లోవాళ్లకు దొరుకుతుంది, సిమెంటు బస్తాల బిల్లు వాళ్లకేం తెలుసు? కొలిచేచోటు నుంచి కొలవనిచోటికి దొంగ మారాడు. అందుకే ఎవరైనా "తగ్గింది" అని రాస్తే నాకు ముందు నవ్వొస్తుంది, తర్వాత ఎటు పోయిందని వెతుకుతాను.

డల్లాస్_బాబాయి | ఏప్రిల్ 6, ఉదయం 7:55

నేను అవతలి వైపు మనిషిని, డబ్బులిచ్చేవాణ్ని. మా మిత్రులం కలిసి పదేళ్లుగా మూడు నాలుగు చిన్న సంస్థలకు పంపుతున్నాం. ఈ పదేళ్లలో "ఇది పని చేయలేదు" అన్న రిపోర్ట్ నాకు ఒక్కటంటే ఒక్కటి రాలేదు. అన్నీ సక్సెస్. అన్నిట్లోనూ నోట్‌బుక్ పట్టుకున్న పాప ఫోటో. మొదట్లో సంతోషించాను, ఇప్పుడు తెరిచి చూడటం కూడా మానేశాను, మా ఆవిడ అడిగితే బాగానే నడుస్తోందంటాను. మీ సార్ చెప్పినట్టు రాస్తే మీకు వచ్చే ఏడాది కూడా డబ్బు వస్తుంది, అది నిజం. కానీ 108 మంది ఎక్కడికి పోయారో రాసిన రిపోర్ట్ వస్తే నేనైతే కూర్చుని పూర్తిగా చదువుతాను.

మిర్చి_యార్డ్ | ఏప్రిల్ 6, ఉదయం 8:10

చదువుతారు బాబాయ్, మరి డబ్బు పంపుతారా?

డల్లాస్_బాబాయి | ఏప్రిల్ 6, ఉదయం 8:26

మంచి ప్రశ్న. నేను పంపుతాను. మా గ్రూపులో ఐదుగురి సంగతి చెప్పలేను.

పాలమూరు_లేబర్ | ఏప్రిల్ 6, రాత్రి 11:48

ఇప్పుడే డ్యూటీ దిగి చూశా, అందరూ 108 మంది ఎక్కడ అంటున్నారు. నేను చెప్తా. దసరా, దీపావళి దాటగానే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు మా అమ్మానాన్న ఇటుక బట్టీలకు పోయేవాళ్లు, నన్ను, చెల్లిని తోలుకుని. మళ్లీ ఊరు చూసేది ఎండాకాలం చివర్లో. నాలుగో తరగతి రెండుసార్లు, ఐదు రెండుసార్లు ఇట్లనే పోయింది. ఎవరైనా జూలైలో పరీక్ష పెడితే ఉండేవాణ్ని, మార్చిలో పెడితే బట్టీలో ఉండేవాణ్ని. సార్లు రిజిస్టర్‌లో నా పేరు కొట్టేసేది లేదు, హాజరు వేసేది లేదు. మీ లెక్కలో పోయినవాళ్లు చదువు రానివాళ్లేనా అని అడుగుతున్నారు, అవును రానివాళ్లే, ఎట్ల వస్తది. మీరు సెంటర్ పెట్టింది ఎవరికోసమో వాళ్లే మీ రిపోర్టులో లేరు మేడమ్. కోపంగా అనట్లేదు, ఉన్నదే చెప్తున్నా.

నల్లమల_అమ్మాయి | ఏప్రిల్ 8, రాత్రి 9:30

రెండు రోజులు రిజిస్టర్లు ముందేసుకుని కూర్చున్నా. మార్చిలో ఉన్న 204 మందిలో 52 మంది జూలైలోనే కథ చదివేశారు. అంటే 20 నుంచి 48 కాదు, వందకు 25 నుంచి 48. పోయిన 108 మందిలో జూలైలో కథ చదివినవాళ్లు 9 మందే. పాలమూరు అన్నా, నువ్వు చెప్పినట్టే. వాలంటీర్లను అడిగితే చాలామంది బట్టీలకూ బొంబాయికీ పోయారన్నారు, కొందరు గురుకులాల్లో సీట్లు వచ్చి పోయారు, కొందరు ఊళ్లోనే ఉండి రావడం మానేశారు. ఈ చివరివాళ్ల గురించి మేం ఎప్పుడూ అడగనే లేదు.

మాస్టారూ, మీరన్న సెంటర్ లేని ఊరు నా దగ్గర ఉంది! జూలైలో 13 ఊళ్లలో పరీక్ష పెట్టాం, రెండు ఊళ్లలో సెంటర్ తెరవలేకపోయాం. ఒకచోట వాలంటీర్‌కు పెళ్లయిపోయింది, ఇంకోచోట కమ్యూనిటీ హాలు తాళం ఇవ్వలేదు. అక్కడి పిల్లల కాగితాలు బీరువాలో ఉన్నాయి. బడులకు సెలవులివ్వకముందే పోయి పరీక్ష పెడతా.

లెక్కల_మాస్టారు_రిటైర్డ్ | ఏప్రిల్ 9, ఉదయం 5:30

శభాష్. నువ్వు స్వయంగా వెళ్లు, వాలంటీర్లను పంపకు. ఇంకోటి కూడా అడుగు, సెంటర్ ఉన్న ఊళ్లలో ఎవరైనా ట్యూషన్ మాన్పించారా అని. నేను చెప్పిన ప్రయోగంలోనే కొన్ని బడులకు పుస్తకాలు, సామగ్రి కోసం గ్రాంట్ ఇచ్చారు. మొదటి ఏడాది మార్కులు పెరిగాయి, రెండో ఏడాది పెరగలేదు. ఎందుకంటే బడే కొంటుందని తెలిశాక తల్లిదండ్రులు తాము పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు. వాళ్ల తప్పేముంది, పేదవాళ్లు, ఆ డబ్బు ఇంకో అవసరానికి వాడుకుంటారు. అదీ లాభమే, మార్కుల్లో కనిపించదంతే.

పీహెచ్‌డీ_ఎప్పటికి | ఏప్రిల్ 9, ఉదయం 11:10

వెళ్లండి, కానీ ఆ రెండు ఊళ్లూ లాటరీలో తగిలినవి కావు. వాలంటీర్ దొరకని ఊరు, తాళం ఇవ్వని ఊరు, మిగతా ఊళ్లలాంటివే అని అనుకోలేం. పైగా ఇప్పుడు పెడితే వాళ్లకు మీవాళ్ల కంటే ఒక నెల బడి ఎక్కువ. ఇవన్నీ రిపోర్టులో రాయండి.

నా మాటలకు భయపడి ఇదంతా లక్షల ఖర్చుతో పెద్దవాళ్లు చేసే పని అనుకోకండి. 2018లో రైతుబంధు మొదటి విడత చెక్కులు పంచినప్పుడు రైతులకే ఫోన్ చేసి చెక్కు అందిందా అని అడుగుతామని, లాటరీ తీసిన కొన్ని మండలాల వ్యవసాయాధికారులకు ముందే చెప్పారు. అంతే, ఆ మండలాల్లో చెక్కులు కాస్త మెరుగ్గా, వేళకు అందాయి. పెద్ద తేడా కాదు, కానీ అయిన ఖర్చు కూడా ఫోన్ కాల్స్ ఖర్చే.

నల్లమల_అమ్మాయి | ఏప్రిల్ 17, రాత్రి 10:55

పోయొచ్చా. ఆ రెండు ఊళ్లలో జూలైలో పరీక్ష రాసినవాళ్లు 38 మంది, ఇప్పుడు దొరికింది 31 మంది. వాళ్లలో జూలైలో కథ చదివినవాళ్లు 7, ఇప్పుడు 13. నేనే కూర్చుని విన్నా, నోరు మెదపలేదు. అంటే వందకు 23 నుంచి 42. మాది 25 నుంచి 48. మేం ఏడాదంతా సాయంత్రాలు నడిపినదానికి వచ్చిన తేడా మూడో నాలుగో. నెల ఎక్కువ చదివారు, 31 మందే, అన్నీ గుర్తున్నాయి, అయినా బస్సులో వస్తుంటే ఏడుపొచ్చింది. రోజూ లాంతరు పట్టుకుని పిల్లల్ని ఇంటి దగ్గర దింపే వాలంటీర్ ఒకామె ఉంది, ఆమెకు ఏం చెప్పాలి?

సబ్‌సెంటర్_అక్క | ఏప్రిల్ 17, రాత్రి 11:02

ముందు అన్నం తిని పడుకో. తీసివేతల లెక్క కూడా ఉందా?

నల్లమల_అమ్మాయి | ఏప్రిల్ 17, రాత్రి 11:06

మా సెంటర్లలో జూలైలో తీయలేదక్కా. కథ ఒక్కటే.

పీహెచ్‌డీ_ఎప్పటికి | ఏప్రిల్ 18, ఉదయం 10:20

31 మందిలో ఒక్కరు అటో ఇటో అయితే మీ తేడా మొత్తం మాయమవుతుంది, లేదా రెండింతలవుతుంది. కాబట్టి పని చేయలేదని కూడా ఈ లెక్క చెప్పట్లేదు. "మాకు ఇంకా తెలియదు" అనే చెప్తోంది. ఊళ్లవారీగా విడదీసి చూశారా?

నల్లమల_అమ్మాయి | ఏప్రిల్ 18, రాత్రి 9:15

చూశా. లాంతరు ఆమె ఊళ్లో జూలై నుంచి మార్చి దాకా ఒక్క పిల్ల కూడా మానలేదు, బట్టీలకు పోయిన రెండిళ్లవాళ్లు పిల్లల్ని అవ్వల దగ్గర వదిలి పోయారట, "సెంటర్ ఉంది కదా, సాయంత్రం అక్కడే ఉంటారు" అని. ఎవరూ అడగలేదని ఆమె కూడా చెప్పలేదు. కోవూరు తమ్ముడూ, నీ ఖాళీ గడిలో రాయాల్సింది ఇదే అనుకుంటా.

మా సార్‌కు చూపించా. చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "పంపు, కానీ మొదటి పేజీలో వద్దు" అన్నారు. నాలుగో పేజీలో పెట్టా, మిర్చి అన్న నవ్వుకోవచ్చు. పాప ఫోటో తీసేశా.

పోయిన 108 మందిలో 63 మంది ఇళ్ల ఫోన్ నంబర్లు దొరికాయి. ఈరోజు మొదలుపెట్టా. మొదటి మూడూ స్విచ్చాఫ్. నాలుగోది ఎత్తారు, కర్ణాటకలో ఉన్నారట, పిల్లాడు పక్కనే ఉన్నాడని ఫోన్ వాడికిచ్చారు. సెంటర్ ఇంకా ఉందా అక్కా అని అడిగాడు.

పాలమూరు_లేబర్ | ఏప్రిల్ 18, రాత్రి 11:59

ఏ బట్టీ? నాకు మెసేజ్ పెట్టు మేడమ్, ఆ పక్క మావాళ్లున్నారు.